కాలి నొప్పికి ఇంటి వైద్యం ఎంతవరకు? పాదాల డాక్టరు ఎప్పుడు?

మన ఆదిభట్లలో కాళ్లకు తీరిక ఉండదు. విమాన విడిభాగాలు చేసే ఫ్యాక్టరీల్లో ఇనుప ముక్కు బూట్లతో షిఫ్టంతా నిలబడేవాళ్లున్నారు, నాట్ల కాలంలో పొద్దంతా బురదలో ఉండేవాళ్లున్నారు. ఏ నొప్పి ఇంట్లో తగ్గుతుందో, ఏది పోడియాట్రిస్టు అనే పాదాల డాక్టరు చూడాలో తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, కాలూ మిగులుతుంది.

1. రాత్రి అన్నం తిన్నాక రెండు నిమిషాలు మడమలు, అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేకపోతే కాలి కింద చిన్న అద్దం పెట్టండి, లేదంటే ఫోన్లో ఫొటో తీయించుకోండి. తేదీ కూడా ఉంటుంది కాబట్టి డాక్టరుకు చూపించడం తేలిక.

2. ఇంట్లో షుగరు ఉన్నవాళ్లకు పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. వాళ్లను కళ్లు మూసుకోమని, రెండు కాళ్ల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను మీ చూపుడువేలితో మెల్లగా తాకండి; నొక్కొద్దు, రాయొద్దు. ఆరు వేళ్లలో రెండు తెలియకపోయినా స్పర్శ తగ్గినట్టే, ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.

3. షుగరు మనిషి కాలికి పుండు, పొక్కు, చీము ఏది కనబడినా ఆ రోజో మర్నాడో చూపించాల్సిందే. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. నరాలు మొద్దుబారితే మేకు దిగినా నొప్పి తెలియదు.

4. వేలు నల్లబడినా, పుండు వాసన వచ్చినా, కాలి పుండుకు తోడు చలిజ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. రాత్రయినా సరే, ఎమర్జెన్సీకి తీసుకుపోండి.

5. పుండు చుట్టూ ఎరుపు ఉంటే దాని అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీయండి. గంటల్లో ఎరుపు గీత దాటిందంటే లోపల ఇన్‌ఫెక్షన్ పాకుతున్నట్టే, ఇక ఇంట్లో ఆగొద్దు.

6. షుగరు ఉన్నవాళ్లకు ఒక్క పాదమే ఉబ్బి, ఎర్రబడి, రెండోదానికంటే వేడిగా ఉంటే బెణికిందనుకుని నడిపించకండి. నొప్పి లేకుండానే లోపల ఎముకలు విరుగుతుండొచ్చు, కాలు కింద మోపనివ్వకుండా ఆ రోజే ఆసుపత్రికి చేర్చండి.

7. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు వట్టికాళ్లే. షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లు మాలకు ముందే డాక్టరుకు పాదాలు చూపించి, గురుస్వామికి సంగతి చెప్పి చెప్పులు వేసుకుంటామని అడగండి. వేసుకోవడం కుదరకపోతే మధ్యాహ్నం ఎండలో బండల మీద, తారు రోడ్డు మీద నడక మానండి, రాత్రి పాదాలు చూడకుండా పడుకోకండి. బతుకమ్మ ఆడి వచ్చిన అమ్మమ్మలకూ ఇదే మాట. స్పర్శ తగ్గితే అరికాలిలో గాజుపెంకు ఉన్నా వాళ్లకు తెలియదు. ఇది మాత్రం నేను గట్టిగా చెప్తాను.

8. ఆనికాయకు బ్లేడు పెట్టొద్దు, జిల్లేడుపాలు పోయొద్దు. స్నానం తర్వాత మెత్తబడ్డ చర్మాన్ని ప్యూమిస్ రాయితో కొద్దికొద్దిగా రుద్ది, ఒరుసుకునే చెప్పు మారిస్తే చాలావరకు పోతుంది. షుగరు ఉన్నవాళ్లు మాత్రం మందుల షాపులో దొరికే కార్న్ క్యాప్ కూడా పెట్టకండి. అందులోని యాసిడ్ మంచి చర్మాన్నీ తింటుంది.

9. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద పొడిచినట్టుందా? గడ్డకట్టిన నీళ్ల సీసాను బట్టలో చుట్టి, అరికాలి కింద పది నిమిషాలు దొర్లించండి, పిక్కలు సాగదీయండి, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. నొప్పి బిళ్లలు మింగుతూ నెలలు గడపకండి. స్పర్శ లేని కాలికి ఈ ఐసు సీసా వద్దు.

10. గోళ్లు తిన్నగా కత్తిరించండి, మూలలు లోపలికి చెక్కొద్దు. గోరు కండలోకి దిగి చీము పడితే పిన్నుతో కెలకకండి, డాక్టరు చిన్న మత్తిచ్చి గోరంచు తీసేస్తే తేలిపోతుంది.

11. నాట్ల నుంచి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులు పాత నూలుబట్టతో పొడిగా తుడవండి. పాచిన సందుల్లో నూనె రాయొద్దు; నూనె, వాజలైన్ మడమ పగుళ్లకే. పగులు నుంచి రక్తం వస్తే ఇక పూతలతో సరిపెట్టకండి.

12. సేఫ్టీ బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఇనుప ముక్కు వాడినకొద్దీ సాగదు, కొనేటప్పుడే వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ చూసుకోండి. తొడిగే ముందు దులపండి, తెల్ల సాక్సులు వేయండి. రక్తం మరక వెంటనే కనబడుతుంది.

13. కొంత దూరం నడవగానే పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే అది రక్తనాళాలు సన్నబడటం వల్ల కావచ్చు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లయితే మరీ ఆలస్యం చేయొద్దు.

14. పాదాల డాక్టర్లు మన దగ్గర తక్కువ, ఉన్నా సిటీలోని పెద్దాసుపత్రుల్లోనే. మామూలు పుండుకు ముందు ఇబ్రహీంపట్నం ఆసుపత్రికి వెళ్లండి. అక్కడివాళ్లు రాస్తే ఉస్మానియా, నిమ్స్‌లలో షుగరు చూసే ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. నిమ్స్‌లో రక్తనాళాల సర్జన్లు కూడా ఉంటారు.

15. షుగరు ఉన్నవాళ్లు ఏ బాధా లేకపోయినా ఏడాదికోసారి పాదాల పరీక్ష చేయించుకోండి. స్పర్శ తగ్గినా, ఒకసారి పుండు పడి మానినా ఇంకా తరచుగా చూపించాలి, ఎన్ని నెలలకో డాక్టరు చెప్తారు.

16. వెళ్లేటప్పుడు షుగరు రిపోర్టులు, మందుల చీటీలు, ఫోన్లోని ఫొటోలతో పాటు రోజూ వాడే చెప్పులూ బూట్లూ సంచిలో పెట్టుకోండి. అరిగిన తీరు చూస్తే బరువు ఎక్కడ పడుతోందో డాక్టరుకు అర్థమవుతుంది, చెప్పుల కోసం మళ్లీ రావాల్సిన పని ఉండదు.