రోగి వృత్తాంతమును భద్రపఱచు విధము

వైద్యుడనగానే మనకు స్టెతస్కోపును, మందుసీసాయు తలపునకు వచ్చును. కాని వైద్యశాల నడచుటకు వీనితో సమానముగా నావశ్యకమైన వస్తువు మఱియొకటి గలదు. అది రోగినిగూర్చి వ్రాసియుంచిన కాగితము. నిరుడు వచ్చిన రోగికి ఏ మందు పడలేదో, నెత్తురులో చక్కెర యెంత యుండెనో వైద్యుడు జ్ఞాపకము మీదనే చెప్పవలసివచ్చినచో పదిమంది విషయమున జెప్పగలడేమో. వేయిమంది విషయమున జెప్పజాలడు. ఆ కాగితము కంప్యూటరులోని కెట్లు చేరెనో, దానివలన వైద్యశాల నడక యెట్లు మాఱెనో యిచట దెలుప నెంచితిమి.

అమెరికా దేశమున మిన్నెసోటా రాష్ట్రములోని రోచెస్టరు పట్టణమందు మేయో క్లినిక్కు అను ప్రసిద్ధ వైద్యాలయము గలదు. ఇరువదవ శతాబ్ద్యారంభమున నచటి వైద్యు లెవరి లెడ్జరులో వారు వ్రాసికొనెడివారు. ఒక రోగి ముగ్గురు వైద్యులను జూచినచో నతని వృత్తాంతము మూడు పుస్తకములలో జెదరియుండెడిది. 1907వ సంవత్సరమున హెన్రీ ప్లమ్మరు అను వైద్యు డీ పద్ధతిని మార్చెను. ప్రతి రోగికి నొక సంఖ్య. ఆ సంఖ్యతో నొక సంచి. ఏ వైద్యుడు చూచినను, ఏ పరీక్ష జరిగినను, ఆ కాగిత మా సంచిలోనికే చేరవలయును. వినుటకు స్వల్పవిషయముగా దోచును. కాని లెడ్జరు వైద్యుని పేర నుండెను, సంచి రోగి పేర నుండెను. నేటి కంప్యూటరు పద్ధతు లన్నిటికి నిదియే మూలమని మా యభిప్రాయము.

అయినను సంచికి రెండు లోపములు గలవు. అది యొకేసారి రెండుచోట్ల నుండజాలదు. తనంతట తాను మాటలాడజాలదు. శస్త్రవైద్యుని బల్లమీద నున్న సంచి మందులిచ్చువాని కక్కరకు రాదు. ఇక మాటలాడుట యనగా నేమి? ఇండియానాపొలిస్ నగరమున క్లెమెంట్ మెక్‌డొనాల్డు అను వైద్యుడును, ఆయన సహచరులును 1972లో రోగుల వృత్తాంతములను కంప్యూటరున జేర్ప మొదలిడిరి. ఫలానా మందు వాడు రోగికి ఫలానా పరీక్ష చేయవలసియున్నదని యా యంత్రము వైద్యునకు ముందుగా జీటి వ్రాసి యిచ్చుచుండెను. 1976లో ప్రకటించిన ఫలిత మిది: చీటి యున్నప్పుడు నూటికి 51 సందర్భములలో వైద్యులు తగిన చర్య గైకొనిరి, చీటి లేనప్పుడు 22 సందర్భములలోనే గైకొనిరి. చీటి యున్నను లేకున్నను వైద్యులు వారే. వారి చదువును నదియే. తెలియక విడిచినది తక్కువ, పని రద్దీలో మఱచినది యెక్కువ. పరీక్షలో వచ్చిన లెక్కనే తప్పు చేసిన విద్యార్థుల కీ సంగతి సులభముగా బోధపడును!

2005వ సంవత్సరము ఆగస్టు నెలలో కత్రీనా యను తుపాను న్యూ ఆర్లియన్సు నగరమును ముంచివేసెను. పలు వైద్యాలయముల కాగితములు నీటిపాలయ్యెను. కాని యచటి మాజీ సైనికుల వైద్యశాలలో వృత్తాంతములన్నియు కంప్యూటరులో నుండుటచేత నవి నిలిచెను. ఊరు విడిచిపోయిన రోగులు వేఱు నగరములలోని మాజీ సైనికుల వైద్యశాలలకు బోయినప్పుడు, అచటి వైద్యులు వారి మందుల పట్టికను జూచి చికిత్స సాగింపగలిగిరి.

ఇట్టి మహావిపత్తు లేకున్నను చిన్న వైద్యశాలకు దీనివలన లాభము గలదు. రోగి వచ్చు వేళ, వ్రాసిన మందు, పరీక్షాఫలితము, చెల్లింపవలసిన రుసుము, మందుల గదిలోని నిల్వ, ఇవి యన్నియు నొకే వ్రాతనుండి నడచును. చక్కెర వ్యాధి గలవారిలో ఆరు నెలలుగా రానివా రెవరని యడిగినచో క్షణములో బట్టిక వచ్చును. రిజిస్టరున నిది తెలియవలెనన్న ప్రతి పుటయు దిరుగవేయవలయును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు ఐస్మార్ట్ అను పద్ధతిని దామే నిర్మించుకొనిరి.

మన దేశమున 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరంభమయ్యెను. దీని క్రింద కోరినవారికి 14 అంకెల ఆరోగ్యసంఖ్య నిత్తురు. తెలుగువారి కీ సంఖ్య మిక్కిలి యుపయోగకరము. ఏలయన, ఒక్క యూరిలోనే పలువురు వేంకటేశ్వర్లు లుందురు. ఒక్క వేంకటేశ్వర్లు పేరునే ఇంగ్లీషున నలుగురు గుమాస్తాలు నాలుగు విధముల వ్రాయుదురు. ఇంటిపేరు ముందు వ్రాయుట, వెనుక వ్రాయుట వేఱొక చిక్కు. ఒకరి నెత్తురు పరీక్ష మఱియొకరి పేర జేరినచో నది ప్రాణాపాయము.

కంప్యూటరు వచ్చినంతనే వైద్యునకు తీరిక కలిగినదని తలపరాదు. అమెరికాలో 2016న ప్రకటితమైన యొక పరిశీలనలో, వైద్యుడు రోగులతో గడపు ప్రతి గంటకు నించుమించు రెండు గంటలు కంప్యూటరు వ్రాతకును బల్ల పనికిని బోవుచున్నట్లు తేలెను. రోగి తన బాధ చెప్పుకొనుచుండగా వైద్యుడు తెరవంకనే చూచుచుండుట మనలో బలువురకు దెలిసిన యనుభవమే. పైగా నిన్నటి వ్రాతను యథాతథముగా నేటికి నకలు చేయుట సులభము గావున, ఒకనాటి పొరపాటు ఏండ్లతరబడి సాగుట గలదు. 2022 నవంబరులో ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ కంప్యూటరులపై దుండగులు దాడి సల్పగా బలుదినములు చేతివ్రాతతోనే పని నడపవలసివచ్చెను. కావున ఏ వైద్యశాల యైనను అచ్చువేసిన ఖాళీ ఫారములను గొన్నిటిని సిద్ధముగా నుంచుకొనుట మేలు. ప్రతులను వేఱొకచోట దాచుటయు, ఎవరి గుప్తసంకేతమును వారే యుపయోగించుటయు నట్టివే.

క్రొత్తగా నీ పద్ధతి నవలంబించు చిన్న వైద్యశాలలు పాత బీరువా నంతయు నొక్కమాఱే కంప్యూటరులోని కెక్కింప బూనుట తగదని మాకు దోచుచున్నది. గుమాస్తా యలసిపోవును, తప్పులు పెరుగును. రోగి మరల వచ్చినప్పుడు మొదట నతనికి బడని మందులు, పిదప నిత్యము వాడు మందులు, ఆ పిదప దీర్ఘవ్యాధులు, ఈ మూడును అతని నడిగి, అతనికే చదివి వినిపించి వ్రాసికొన్న జాలును. తక్కిన కాగితములు కొంతకాలము బీరువాలోనే యుండవచ్చును.