గాజు తొట్టిలో సక్కర్ చేప

"బకెట్ పట్టుకుని ఎక్కడికి వదినా?"

"చెరువుకు. ఈ సక్కర్ చేపను చూడు. బాబు కొన్నప్పుడు వేలెడంత ఉంది. ఇప్పుడు జానెడు దాటింది. తొట్టిలో తిరగలేకపోతోంది. చెరువులో వదిలితే బతుకుతుంది. పుణ్యం కదా!"

"అయ్యో, వద్దు వదినా! మా ఆయన వలలు చించుతున్నది ఈ చేపే."

వదిన ఆగిపోయింది. మరి ఆ చేప సంగతి ఏమిటో మనమూ తెలుసుకుందాం.

ఈ చేప ఎక్కడిది?

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. నోరు కింద వైపు ఉంటుంది. ఆ నోటితో గాజుకు అతుక్కుని నాచు గీకి తింటుంది. అందుకే తొట్టి శుభ్రం చేస్తుందని షాపులో అమ్ముతారు. అది సగం నిజమే. ఇది నాచు తింటుంది కానీ మిగతా చేపల మలం తినదు. పైగా తానే ఎక్కువ మలం వేస్తుంది. పెరిగితే అడుగు పొడవు దాటుతుంది. అప్పుడు దానికి నాలుగైదు వందల లీటర్ల నీళ్లు పట్టే తొట్టి కావాలి. కొనే ముందే ఈ మాట ఆలోచించాలి.

ఏం పెట్టాలి?

తొట్టిలో నాచు ఒక్కటే దీనికి చాలదు. పొట్ట లోపలికి పోయి కనిపిస్తే ఆకలితో ఉన్నట్టే. అడుగుకు మునిగే మేత బిళ్లలు వేయండి. కీరదోస ముక్క, పాలకూర, తొక్క తీసి ఉడికించిన బఠాణీలు కూడా తింటుంది. ముక్కను బాగా కడిగి, చిన్న రాయికి దారంతో కట్టి వేయండి. ఉప్పు, కారం, నూనె తగిలినవి వేయవద్దు. ఈ చేప రాత్రి పూట తిరుగుతుంది. అందుకని లైటు ఆర్పాక మేత వేయాలి. మిగిలినది తెల్లారి తీసేయాలి. లేకపోతే నీళ్లు కుళ్లుతాయి.

నీళ్లు ఎలా మార్చాలి?

నీళ్లన్నీ ఒకేసారి పారబోయవద్దు. వారానికి ఒకసారి నాలుగో వంతు మార్చితే చాలు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది చేపలకు పడదు. నీళ్లను మూత లేని బకెట్‌లో ఒక రోజు ఉంచి పోయాలి. తొట్టిని సబ్బుతో కడగకూడదు.

చెరువులో ఎందుకు వదలకూడదు?

మన తెలుగు రాష్ట్రాల చెరువుల్లోకి ఈ చేప ఇప్పటికే చేరింది. దీని ఒంటి మీద గట్టి పెంకులు, ముళ్లు ఉంటాయి. వలలో పడితే వల చినుగుతుంది. మన చేపలు తినే మేతను ఇది తినేస్తుంది. గుడ్లు పెట్టడానికి గట్టులో బొరియలు తవ్వుతుంది. దాంతో గట్టు బలహీనపడుతుంది. దీన్ని కొనేవాళ్లు తక్కువ. జాలరికి శ్రమే మిగులుతుంది. నీళ్లు తక్కువైనా గాలి మింగి బతుకుతుంది. ఒకసారి చేరితే పోగొట్టడం చాలా కష్టం.

వదిన బకెట్‌తో ఇంటికి తిరిగింది. మర్నాడు బాబును వెంటబెట్టుకుని, చేపను కొన్న షాపులోనే ఇచ్చి వచ్చింది.

"పుణ్యమనుకుని మీ వలకే చిల్లు పెట్టబోయాను చెల్లీ" అంది.

ఆలోచించి చెప్పండి

1. సక్కర్ చేపకు రాత్రి పూట మేత ఎందుకు వేయాలి?
2. కుళాయి నీళ్లను ఒక రోజు ఎందుకు ఉంచాలి?
3. మీ ఊరి చెరువులో ఈ చేప ఉందా? జాలరులను అడిగి తెలుసుకోండి. వాళ్లు చెప్పింది నాలుగు వాక్యాల్లో రాయండి.