లేసు అంచు - ఒక లెక్కల పాఠం

లేసు అనగానే ఆడవాళ్ళు తీరిక వేళల్లో చేసుకునే కాలక్షేపమని మనలో చాలామంది అభిప్రాయం. కాని కొక్కెం సూది చేతబట్టి నాలుగు వరుసలు అల్లి చూస్తే, అందులో కాలక్షేపం కంటే లెక్కే ఎక్కువని తెలుస్తుంది. దిండుగలీబుకో, జాకెట్టు చేతులకో కుట్టుకునే పాతకాలపు "గవ్వ" అంచునే ఉదాహరణగా తీసుకుందాం.

కావలసినవి రెండే: 20వ నంబరు నూలు దారం, సుమారు 1.25 మిల్లీమీటర్ల కొక్కెం సూది. దారం నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది.

నేర్వవలసిన కుట్లు మూడు. సూది మీది ఉచ్చులోంచి దారం లాగితే గొలుసు. సూదిని కింది వరుసలో గుచ్చి దారం లాగితే సూది మీద రెండు ఉచ్చులుంటాయి. మళ్ళీ దారం అందుకుని రెండింటిలోంచీ ఒకేసారి లాగితే పొట్టి కుట్టు. గుచ్చేముందే సూదికి దారం ఒక చుట్టు చుడితే ఉచ్చులు మూడవుతాయి. వాటిని రెండేసి చొప్పున రెండుసార్లు దించితే పొడుగు కుట్టు.

ఇక లెక్క. ఒక్కొక్క గవ్వకు 6 కుట్ల చోటు కావాలి. 10 గవ్వలకు 60. చివరి కుట్టుకు 1, మలుపుకు 1 కలిపి 62 గొలుసులు వేయాలి. సూది నుంచి రెండో గొలుసులో మొదలుపెట్టి ప్రతి గొలుసులో ఒక పొట్టి కుట్టు వేస్తే సరిగ్గా 61 వస్తాయి. పని తిప్పి, ఒక గొలుసు వేసి, మొదటి కుట్టులో ఒక పొట్టి కుట్టు వేయండి. తర్వాత రెండు కుట్లు వదిలి, మూడోదాంట్లో 5 పొడుగు కుట్లు. మళ్ళీ రెండు వదిలి, మూడోదాంట్లో ఒక పొట్టి కుట్టు. ఇదే చివరిదాకా.

అయిదు కుట్ల పాదాలు ఒకేచోట, తలలు వేరువేరుగా ఉంటాయి కనుక అవి తాటాకు విసనకర్రలా విచ్చుకుంటాయి. రెండు బదులు ఒక్కటే వదిలితే చోటు చాలక అంచు కుచ్చెళ్ళు పడుతుంది. మూడేసి వదిలితే గవ్వలు సాగి అంచు లాక్కుపోతుంది. ఈ కుచ్చెళ్ళు పడే గుణంతోనే 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే గణితవేత్త, కాగితం మీద సరిగా చూపలేని హైపర్బోలిక్ తలాన్ని అల్లి విద్యార్థుల చేతుల్లో పెట్టారు.

ఇదే లెక్కను మన నర్సాపురం ప్రాంతపు స్త్రీలు నోటితోనే వేస్తారు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని అక్కడి పల్లెల్లో ఇంటింటికీ పాకి, విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. 1982లో వెలువడిన గ్రంథంలో మారియా మీస్ ఒక సంగతి బయటపెట్టారు: అల్లేవారిని "గృహిణులు" అని పిలవడం వల్ల వారి శ్రమ శ్రమగా లెక్కలోకే రాలేదు, పొలం కూలి కంటే కూడా వారికి దక్కింది తక్కువ. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు సరుకుకు వచ్చింది. చేతికి రావలసింది ఇంకా ఉంది.

మాది వ్యవసాయ కుటుంబం. నాట్లకు ఎందరు, కోతకు ఎందరు, రోజుకు ఎంత అన్నది మా ఇళ్ళల్లో పిల్లలకు సైతం తెలుసు. అరుగు మీద లేసు అల్లే మనిషి గంటలు మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

కనుక మిత్రులకు ఒక ప్రయోగం. గడియారం పక్కన పెట్టుకుని పది గవ్వలు అల్లండి. ఒక్కో గవ్వకు నిమిషంన్నర, వెడల్పు ఒక సెంటీమీటరు అనుకుంటే, మీటరు అంచుకు 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. అడుగు వరుస, అతుకుపని అదనం. మీకు వచ్చిన గంటలను మీ ఊరి కూలి రేటుతో హెచ్చవేసి, దారం ఖరీదు కలపండి.

ఆ అంకె నోటుబుక్కులో రాసుకున్నాక బజారుకెళ్ళి లేసు ధర అడగండి. అప్పుడు బేరమాడడానికి నోరు వస్తుందేమో చూద్దాం.