ముందు ‘అంద నాళ్’ చూడు

తిరునిన్రవూరు

మనవడా,

పాత డిటెక్టివ్ సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కదా. హాలీవుడ్ తర్వాత చూద్దువుగాని. మనూళ్లో లోకల్ ట్రైన్ ఎక్కితే గంటలో చేరే మద్రాసులో, 1954లో ఏవీఎం వాళ్లు తీసిన ‘అంద నాళ్’ ముందు చూడు. దర్శకుడు ఎస్. బాలచందర్, వీణ బాలచందర్ ఆయనే. 1956లో తెలుగులో ‘ఏది నిజం’ తీసిందీ ఆయనే.

కథాకాలం 1943 అక్టోబరు, మద్రాసు మీద జపాన్ బాంబు పడిన రోజులు. రేడియో ఇంజనీరు రాజన్ తన ఇంట్లోనే తుపాకి దెబ్బకి చచ్చిపోతాడు. ఆ వేషం శివాజీ గణేశన్‌ది. హీరో మొదట్లోనే శవం! జావర్ సీతారామన్ వేసిన సీఐడీ శివానందం పక్కింటాయన్నీ, తమ్ముణ్ణీ, మరదల్నీ, భార్యనీ కూచోబెట్టి అడుగుతుంటే ఒక్కొక్కరి నోట ఒక్కో రాజన్ బయటికొస్తాడు. జపాన్ దర్శకుడు కురసావా తీసిన ‘రషోమాన్’ ప్రభావం అది. పాటల్లేవు, డాన్సుల్లేవు. అప్పటి జనానికి అది మింగుడు పడలేదు, సినిమా ఆడలేదు. పాట రాగానే ముందుకి జరిపేసే మీ వయసు వాళ్లకి అదే నచ్చుతుంది.

అది అయ్యాక బిల్లీ వైల్డర్ ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) పెట్టుకో. వైల్డర్ హిట్లర్ రాజ్యం నుంచి పారిపోయి అమెరికా చేరినవాడు. మనుషుల మీద ఆయనకున్న అనుమానం ప్రతి సీన్లోనూ కనిపిస్తుంది. హత్య చేసింది తానేనని ఇన్సూరెన్సు ఏజెంటు మొదట్లోనే ఒప్పేసుకుంటాడు. అయినా కదల్లేం. హంతకుడెవరో తెలిశాక కూడా, ఇంత తెలివైనవాడు ఎక్కడ జారిపోయాడన్నది మనల్ని కూచోబెడుతుంది. ఈ సినిమాల పట్టంతా అక్కడే ఉంది.

కిటికీ పలకల నీడలు ఆ ఏజెంటు కోటు మీద చారలు చారలుగా పడే చోట ఒక్కసారి ఆపి చూడు. ఆ వెలుగులో దుమ్ము తేలుతున్నట్టు కనపడాలని కెమెరామన్ జాన్ సైట్జ్ మెరిసే లోహపు పొడి గాలిలోకి వదిలించాడు. కంప్యూటర్లు లేని కాలంలో చేతి పనితనం అది! షార్ట్ ఫిల్మ్ తీస్తానంటున్నావుగా, ఖరీదైన లైట్ల కోసం అప్పు చెయ్యకముందు ఒక్క దీపంతో ఎంత చేయొచ్చో ఇక్కడ నేర్చుకో.

రాత్రిపూట, గదిలో లైటు తీసేసి చూడు. ఫోన్లో ఒకటిన్నర స్పీడు వద్దు నాన్నా, ఆ మౌనాలన్నీ పోతాయి. ‘అంద నాళ్’లో హంతకుడి పేరు ముందే వెతుక్కోకు. చూడటం అయ్యాక ఫోన్ చేసి, పక్కింటాయన మాట ఎంతవరకు నమ్మావో చెప్పు.

తాతయ్య