కెప్టెన్ ఎప్పుడు తప్పుకోవాలె? – మన నాయకుల మీద ఒక పరిశీలన

మా దిక్కు యాసంగి వరికోతలు అయినంక కొయ్యకాళ్ల మళ్లలోనే క్రికెట్ మొదలైతది. అక్కడ కెప్టెన్‌ను ఎన్నుకునే పద్ధతి చాలా సులభం. బ్యాటు ఎవరిదో కెప్టెన్ వాడే. వాడు రిటైరు కావడానికి కూడా ఒకటే కారణం, బ్యాటు విరగడం! కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పెరిగిన మిత్రులకు ఈ రాజ్యాంగం కొత్త కాదు. కాని దేశపు జట్టుకు కూడా ఒకప్పుడు ఇంచుమించు ఇదే రాజ్యాంగం నడిచిందని చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కష్టం కూడా అనిపించింది.

1932లో భారతజట్టు మొదటి టెస్టు ఆడడానికి ఇంగ్లండు వెళ్లినప్పుడు పర్యటనకు కెప్టెన్ పోరుబందరు మహారాజు. ఆయనకు తన ఆట ఎంతో తనకు తెలుసు. లార్డ్స్ టెస్టు నాటికి పక్కకు జరిగి, నాగపూరులో పుట్టిన మన తెలుగువాడు సి.కె. నాయుడికి దారి ఇచ్చాడు. అట్లా జూన్ 25న భారతదేశపు మొట్టమొదటి టెస్టు కెప్టెన్‌గా నాయుడు మైదానంలోకి దిగాడు. తప్పుకోవడం తెలిసిన మహానుభావుల్లో మహారాజునే మొదట లెక్కపెట్టాలె. నాలుగేండ్లకే కథ తిరగబడింది. 1936 పర్యటనకు విజయనగరం మహారాజకుమార్ (అందరూ విజ్జీ అంటారు) కెప్టెన్ అయ్యాడు. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. ఆయన కింద ఆటగాడిగా ఆడిన నాయుడు ఓవల్‌లో తన ఆఖరి టెస్టు ఇన్నింగ్సులో 81 కొట్టాడు. అప్పటికి నాయుడి వయసు 40. బ్యాటు ఎవరిదో కెప్టెన్ వాడే అన్నమాట.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. జాతీయజట్టు కెప్టెన్ ఎప్పుడు దిగిపోవాలె, ఆ తర్వాత ఎవరు? మన హాస్టళ్లలో రాత్రి పన్నెండు దాకా జరిగే ఈ వాదనలో అందరూ స్కోరు లెక్కలే చెప్తారు. పరుగులు తగ్గినయి, దిగాలె. మొన్న సెంచరీ కొట్టిండు, ఉండాలె. నా అభిప్రాయం ఏందంటే, ఇక్కడ రెండు వేరువేరు విరమణలను మనం ఒకటిగా కలిపేస్తున్నాం.

సైన్సు విద్యార్థిని కనుక ఒక చిన్న లెక్క. గంటకు 140 కిలోమీటర్ల బంతి అంటే సెకనుకు సుమారు 39 మీటర్లు. ఈ క్రీజు నుంచి ఆ క్రీజుకు 17.68 మీటర్లు. అంటే బ్యాటు పట్టినవాడికి దొరికేది అరసెకను కంటే తక్కువే. అందులో చూసిన సంగతి కండరాలకు చేరడానికే సుమారు 0.2 సెకను పోతుంది. వయసు పెరిగితే ఈ పాలు మెల్లమెల్లగా పెరుగుతుంది, మిగిలేది తరుగుతుంది. కాని స్లిప్ ఎప్పుడు తీసెయ్యాలె, బంతి ఎవరి చేతికి ఇవ్వాలె అనే తెలివికి ఈ అరసెకను బాధ లేదు. అది వయసుతో పండుతుంది. కనుకనే చిక్కు. కంటి గడియారం పడమటికి వాలుతున్నప్పుడే బుర్ర గడియారం నడినెత్తికి వస్తుంది.

అట్లయితే ముసలి కెప్టెన్‌నే ఉంచుదాం అని కొందరు. నేను ఎదురు చెప్తాను. కెప్టెన్సీ ముందు వదలాలె, ఆట తర్వాత వదలాలె. మధ్యలో ఒకటి రెండేండ్లు కొత్త నాయకుడి కింద పాత నాయకుడు ఆడాలె. అప్పుడు ఆ పండిన బుర్ర జట్టుకు దూరం కాదు, కవర్స్‌లోనో స్లిప్‌లోనో నిలబడే ఉంటుంది. రెండూ ఒకేనాడు వదిలితే జట్టు రెండూ ఒకేనాడు పోగొట్టుకుంటుంది. నారు పోయకుండ నాటు ఎట్లా పెడతాం?

ఇది జరిగే పనేనా? మన హైదరాబాదులోనే జరిగింది. పటౌడీ భారతజట్టుకు కెప్టెన్‌గా ఉన్న రోజుల్లోనే రంజీలో హైదరాబాదు తరఫున ఎం.ఎల్. జయసింహ నాయకత్వం కింద ఆడేవాడు. దేశానికి కెప్టెన్, రాష్ట్రానికి మామూలు ఆటగాడు! 1971లో కెప్టెన్సీ అజిత్ వాడేకర్‌కు పోయిన తర్వాత కూడా, 1972–73లో ఇంగ్లండు మీద పటౌడీ వాడేకర్ కిందనే ఆడాడు. 1996లో అజహరుద్దీన్ నుంచి కెప్టెన్సీ టెండూల్కర్‌కు పోయింది. ఆ అవమానానికి అజర్ బ్యాటు మొద్దుబారలేదు. అదే సీజన్‌లో దక్షిణాఫ్రికా మీద కలకత్తాలో 109, కాన్పూరులో 163 నాటౌట్, కేప్‌టౌన్‌లో టెండూల్కర్‌తో కలిసి ఆరో వికెట్‌కు 222 జోడిస్తూ 115. భారం దిగితే చేయి తేలికవుతుందని నాకు ఇక్కడే తోచింది. తర్వాత 1998లో మళ్లీ ఆయనకే ఇయ్యడం, 1999లో మళ్లీ తియ్యడం సెలెక్టర్ల దాగుడుమూతలు. 99 టెస్టుల దగ్గర ఆగిపోయిన ఆయన ఆఖరి కథ, 2000లో నిషేధం, 2012లో హైకోర్టు దాన్ని కొట్టివెయ్యడం, ఇవి మరో వ్యాసానికి సంబంధించినవి.

ఏర్పాటు లేకుండ దిగితే ఏమైతదో 1958–59 చెప్తుంది. వెస్టిండీస్ మీద రెండో, మూడో టెస్టులకు మన హైదరాబాదు స్పిన్నర్ గులాం అహ్మద్ కెప్టెన్. కలకత్తాలో ఇన్నింగ్స్ 336 పరుగుల తేడాతో ఓడగానే ఆయన ఆటకే దండం పెట్టేశాడు. అయిదు టెస్టులకు నలుగురు కెప్టెన్లు! కబడ్డీ జట్టులో కూడా ఇట్లా మార్చరు. (విచిత్రమేమంటే 1983 ప్రపంచకప్ జట్టును ఎంపిక చేసిన కమిటీకి ఛైర్మన్ ఈ గులాం అహ్మదే.)

మిథాలీ రాజ్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా వాదనకు ఆమె బలమూ, పరీక్షా కూడా. హైదరాబాదులో పెరిగిన ఈ అమ్మాయి 1999లో పదహారేండ్ల వయసులో మొదటి వన్డేలోనే 114 నాటౌట్. 2005లోనూ 2017లోనూ జట్టును ప్రపంచకప్ ఫైనల్‌కు తీసుకుపోయింది. 2017 జూలై 23న లార్డ్స్‌లో 229 కొట్టాల్సి ఉండగా 191కి మూడే వికెట్లు. 219కి అందరూ ఔట్. ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చున్న ఆడపిల్లలు ఓటమిని కాదు, తామూ ఆడవచ్చు అనే సంగతిని చూశారు. అప్పుడే దిగాల్సింది అనేవారితో నేను ఏకీభవించను.

అప్పటికే టీ-20 కెప్టెన్సీ 2016లో హర్మన్‌ప్రీత్ కౌర్‌కు పోయింది. నారుమడి తయారైందనే అనుకోవాలె. కాని ఒక జట్టులో ఇద్దరు పెద్దమనుషులు ఉంటే కలిపి ఉంచేవారు కావాలె. 2018 టీ-20 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో మిథాలీనే బయట కూర్చోబెట్టారు. 112కే ఆలౌటై ఎనిమిది వికెట్లతో ఓడారు. నా సూత్రం రాసుకున్నంత తేలిక కాదని ఒప్పుకుంటున్నాను.

2019 సెప్టెంబరులో ఆమె టీ-20 వదిలింది, 2021 ప్రపంచకప్ కోసం. కరోనా వచ్చింది. 2020 ఆగస్టులో ఆ కప్పును 2022కు వాయిదా వేశారు. 2019 నవంబరు నుంచి 2021 మార్చి దాకా మన అమ్మాయిలకు ఒక్క వన్డే లేదు. నన్నడిగితే మార్చాల్సిన సమయం అదే. ఆట లేని కాలంలో మార్పుకు గాయం తక్కువ. హర్మన్‌ప్రీత్‌కు వన్డే పగ్గాలిచ్చి, మిథాలీని నెంబరు త్రీలోనో ఫోర్‌లోనో ఆడించి ఉంటే, కొత్త కెప్టెన్‌కు కప్పుకు ముందు ఏడాది అనుభవం దొరికేది. హర్మన్‌ప్రీత్ ఫారం అప్పుడు బాగా లేదంటారు. నిజమే. కాని మళ్లీ స్కోరు లెక్కకే వచ్చాం చూశారా!

జరిగింది వేరు. 2022 మార్చి 27న క్రైస్ట్‌చర్చ్‌లో దక్షిణాఫ్రికా మీద మిథాలీ 68 కొట్టింది, మనవాళ్లు 274 చేశారు. ఆఖరి ఓవర్లో పట్టిన క్యాచ్ నోబాల్ అయ్యి, ఆఖరి బంతికి మ్యాచ్ పోయింది, సెమీఫైనల్ పోయింది. అదే ఆమె ఆఖరి మ్యాచ్. జూన్ 8న విరమణ ప్రకటించింది. 232 వన్డేలు, 7805 పరుగులు, 155 మ్యాచ్‌ల కెప్టెన్, అన్నీ ఒకేనాడు ఇంటికి. అదేరోజు హర్మన్‌ప్రీత్ పేరు వన్డే కెప్టెన్‌గా వచ్చింది, వయసు 33.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో గెలిచి హర్మన్‌ప్రీత్ కప్పు ఎత్తింది. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది, హైదరాబాదు అమ్మాయి అరుంధతీ రెడ్డి ఉంది. ఆ రాత్రి మైదానంలోనే కప్పును తీసుకుపోయి మిథాలీ చేతుల్లో, ఝులన్ గోస్వామి చేతుల్లో పెట్టారు. నేను హాస్టల్‌లో మిత్రులతో చూస్తూ, ఈసారి కూడా లెక్కే వేశాను: హర్మన్‌ప్రీత్‌కు 36, పక్కన వైస్ కెప్టెన్ స్మృతి మంధానకు 29. రెండు గడియారాల సంగతి చెప్పబోతే మావాళ్లు, కప్పు గెలిచిన రాత్రి గిదేం ముచ్చటరా అని నా నోరు మూయించారు.