ఉప్పునీటి మీద ఐదు మీటర్ల తీగ

ఈఎమ్‌టీఎల్ పరీక్షలో క్వార్టర్ వేవ్ మోనోపోల్ బొమ్మ వేసేటప్పుడు కింద ఓ గీత గీసి ‘పర్ఫెక్ట్ కండక్టర్’ అని రాసేస్తాం. మార్కులు కూడా పడతాయి. నిజంగా తీగ నిలబెట్టాల్సి వస్తే ఆ గీత ఎక్కడ దొరుకుతుందన్నదే చిక్కు.

14.2 మెగాహెర్ట్జ్‌కి నిలువు తీగ సుమారు 5 మీటర్లు, రేడియేషన్ రెసిస్టెన్స్ సుమారు 36 ఓమ్‌లు. తీగలోకి వెళ్లిన కరెంటుకి గ్రౌండ్ గుండా తిరుగుదారి కావాలి. ఆ దారిలో మట్టి కూడా 36 ఓమ్‌లు తగిలిస్తే, బ్యాటరీ మీద నడిచే 20 వాట్ల సెట్లో 10 వాట్లు వానపాములకి చలిమంట! 1937లో బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ దీన్ని కొలిచి చూపించారు. మీడియం వేవ్ టవర్ల చుట్టూ 120 రాగి తీగలు పూడ్చడం ఆనవాయితీ అయింది. మనకంత జాగా ఏదీ?

మా హామ్ బ్యాచ్‌కి దొరికింది రెండు మీటర్ల వెడల్పున్న పాత జెట్టీ. మూడు పక్కలా సముద్రం. (లైసెన్సున్న సీనియర్ పక్కనుంటేనే సెట్ ఆన్ చేశాం. మీరూ అంతే చెయ్యండి.)

మామూలు నేల కండక్టివిటీ మీటరుకి 0.005 సీమెన్స్ అనుకుంటే, సముద్రపు నీటిది దాదాపు 5. వెయ్యి రెట్లు! ఈ ఫ్రీక్వెన్సీలో స్కిన్ డెప్త్ 6 సెంటీమీటర్లే. అంటే బరువు కట్టి తీగని లోతుకి దింపినా లాభం లేదు, కరెంటు పైపొరలోనే పారుతుంది. అడుగు చదరం రాగి రేకుకి ఖాళీ వాటర్ బాటిళ్లు కట్టి తేలిస్తే చాలు. రాగికి అల్యూమినియం మాత్రం తగిలించకండి, ఉప్పునీళ్లలో అల్యూమినియం తినేసుకుపోతుంది.

పడవ మీదైతే కథ ఇక్కడితో కంచికి. జెట్టీ మీద అలా కుదరదు. నీళ్లు రెండు మీటర్ల కింద ఉంటే, రేకు దాకా వెళ్లే తీగ కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది. 21 మీటర్ల తరంగానికి రెండు మీటర్లంటే పదో వంతు. పైగా ఆటుపోట్లతో ఆ పొడవు మారుతూనే ఉంటుంది, ట్యూనింగ్ కూడా. అందుకని నా ఓటు రెండు రేడియల్స్‌కే: జెట్టీ పొడవునా అటొకటి ఇటొకటి, చెరో 5 మీటర్లు, కాంక్రీటుకి తగలకుండా ఎత్తులో. ఎదురెదురు దిశల కరెంట్లు కాబట్టి వాటి రేడియేషన్ చాలావరకు రద్దవుతుంది. వెడల్పు అక్కర్లేదు.

ఇంకో మాట. ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 చూసి మురిసిపోకండి. నష్టం 14 ఓమ్‌లుంటే 36తో కలిసి సరిగ్గా 50 అవుతుంది. మీటర్ శభాష్ అంటుంది, 28 శాతం పవర్ అక్షరాలా మట్టిపాలు. నష్టం పోతే మీటర్ 1.4 చూపిస్తుంది. అదే మంచి కబురు.

మరి రేడియల్స్ వేశాక సముద్రంతో పనేంటి? కరెంటుని వెనక్కి తేవడం ఒక పని, దూరాన తరంగాన్ని ప్రతిఫలించడం ఇంకో పని. రెండోది ఎన్ని రేడియల్స్ వేసినా రాదు. నేల మీద దిగంతానికి దగ్గరగా వెళ్లే శక్తి చాలావరకు చచ్చిపోతుంది, ఉప్పునీటి మీద బతుకుతుంది. ఖండాలు దాటించేది ఆ శక్తే.

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున ఈ తీగతో హైదరాబాద్‌ని పిలవొచ్చా అని మా జూనియర్ అడిగాడు. కష్టమే, మాట హైదరాబాద్ నెత్తి మీదుగా దాటిపోతుంది. దానికి 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌ని తక్కువ ఎత్తులో అడ్డంగా కట్టాలి. ఆ చుట్ట కూడా మా బ్యాగులో ఉంటుంది.