కెన్నెడీ: ఒక ఇంటిపేరు ప్రయాణం

మన ఇంటిపేర్లలో చాలావాటికి ఊరు మూలం. ఐర్లండ్‌లో ఎక్కువగా పూర్వీకుడే మూలం. అక్కడి గేలిక్ భాషలో ‘మాక్’ అంటే కొడుకు, ‘ఓ’ అంటే మనుమడు లేదా వంశీయుడు. కెన్నెడీకి పాత రూపం ‘ఓ కిన్నేడి’. ఇందులో ‘తల’ అనే అర్థం ఉంది. అది వికారమైన తలా, శిరస్త్రాణం పెట్టిన తలా అన్నదే పేచీ! రెండోదే ఆ కుటుంబానికి నచ్చుతుందేమో.

1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప తెగులుతో మహాకరువు మొదలైంది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు మించి వలసపోయారు. ఆ రోజుల్లోనే వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని డంగన్స్‌టౌన్ నుంచి పాట్రిక్ కెన్నెడీ బోస్టన్ చేరాడు, 1858లో మరణించాడు. అమెరికా 35వ అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీ ఆయన మునిమనుమడు. అధ్యక్షుడి హోదాలో 1963 జూన్‌లో డంగన్స్‌టౌన్ వెళ్లి బంధువులను కలిశారు.

తికమక పెట్టే బిట్: ఆయన పేరులోని ‘ఎఫ్’, అంటే ఫిట్జ్‌జెరాల్డ్, తల్లి పుట్టింటి పేరు. దాని మూలం గేలిక్ కాదు, నార్మన్.